120 లీటర్ల నీళ్ళు

మా మేనమామ ఐదేళ్ళుగా సంగారెడ్డిలో డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. వారానికి మూడు రోజులు, ఒక్కొక్కమారు నాలుగు గంటలు. తోడుగా వెళ్ళి కూర్చున్న ఒకనాడు, యంత్రం వెనుకనుండి గోడలోకి పోతున్న గొట్టాన్ని చూపి, "గీ నీళ్ళు యాడికెల్లి వస్తయిరా?" అని అడిగాడు. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు ఒడ్డున సేద్యం చేసి, ఆ వాగు చెడిపోయాక సేద్యం మానుకున్న మనిషికి ఆ సందేహం రావడంలో వింత లేదు. జవాబు వెదుకుతూ పోగా నాకు తెలియవచ్చిన చరిత్రను ఇక్కడ రాస్తున్నాను.

ఆ యంత్రంలో సన్నని పొరకు ఒక వైపు రక్తం, మరొక వైపు డయాలిసిస్ ద్రవం ప్రవహిస్తాయి. రక్తంలోని యూరియా వంటి మలినాలు ద్రవంలోకి పోతాయి. ద్రవంలో ఉన్నవి రక్తంలోకీ రాగలవు. ఈ రెండవ సంగతే కథకంతటికీ మూలం. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్లు, వారానికి 360 లీటర్లు. మనం వారమంతా తాగే నీళ్ళు దాదాపు 15 లీటర్లు. పైగా మనకు పేగులు కాపలా ఉంటాయి. చెడును బయటికి పంపడానికి కిడ్నీలుంటాయి. డయాలిసిస్ రోగికి ఈ రెండు రక్షణలూ లేవు.

1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, విల్లెమ్ కోల్ఫ్ అనే వైద్యుడు సాసేజ్‌లకు వాడే సెలోఫేన్ గొట్టాన్ని పెద్ద డ్రమ్ముకు చుట్టి తన యంత్రాన్ని తయారుచేశాడు. ఉప్పు, బైకార్బొనేట్, గ్లూకోజ్ కలిపిన తొట్టి నీరే ఆయన ద్రవం. రోగి బతికి బయటపడటానికి 1945 దాకా వేచి ఉండవలసివచ్చింది. అయినా అది కొద్దిరోజుల చికిత్స మాత్రమే. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాలకు టెఫ్లాన్ గొట్టం అమర్చడంతో ఏళ్ళ తరబడి డయాలిసిస్ సాధ్యమయింది. ఆయన మొదటి రోగి పదేళ్ళకు పైగా బతికాడు. ద్రవంలోని తప్పులు బయటపడటం కూడా అప్పటినుండే మొదలయింది. తప్పు కనబడాలంటే ముందు రోగి బతకాలి కదా!

మొదటి చిక్కు బైకార్బొనేట్‌తో వచ్చింది. కాల్షియంతో కలిపి నిలవ ఉంచితే సున్నంలా పేరుకునేది. 1964లో సియాటిల్ వైద్యులే దాని బదులు అసిటేట్ వాడారు. శరీరం దానిని బైకార్బొనేట్‌గా మార్చుకుంటుంది. ఒకే డబ్బా, సులువైన పని. కాని ఎందరికో మధ్యలో రక్తపోటు పడిపోయేది, వాంతులయ్యేవి. కాలక్రమాన, ముఖ్యంగా 1980లలో, వైద్యలోకం మళ్ళీ బైకార్బొనేట్‌కే తిరిగివచ్చింది. ఈనాడు యంత్రం పక్కన కనిపించే రెండు వేర్వేరు డబ్బాలు ఆ పాత చిక్కుకు జవాబు. వాటిని యంత్రం చివరి క్షణంలో కలుపుతుంది.

మిగిలిన లవణాలదీ అదే తీరు. సోడియం ఎక్కువైతే రోగికి దాహం, దానితో ఒంట్లో నీరు, రక్తపోటు. పొటాషియం మరీ తగ్గితే గుండె లయ తప్పుతుంది. కాల్షియం ఏళ్ళ తరబడి ఎక్కువైతే రక్తనాళాలు గట్టిపడతాయి. తక్కువైతే ఎముకలు నష్టపోతాయి. ఒక్కరోజు తేడాను ఒళ్ళు ఓర్చుకోవచ్చు గాని, ఏళ్ళ తరబడి సాగిన తేడాను ఓర్చుకోలేదు.

అన్నిటికంటె నన్ను కలచివేసింది అల్యూమినియం కథ. 1970లలో కొన్నిచోట్ల డయాలిసిస్ రోగులకు మాట తడబడేది, మూర్ఛలు వచ్చేవి, చివరకు మతి తప్పేది. అది అల్యూమినియం విషం కావచ్చునని 1976లో డెన్వర్‌లోని ఆల్‌ఫ్రీ బృందం ప్రకటించింది. దానికి ఒక ముఖ్యమైన దారి నీరే. కొన్ని ఊళ్ళలో బురద తేరడానికి నీటిలో కలిపే అల్యూమినియం లవణం రక్తంలోకి చేరేది. మన ఇళ్ళలో బిందెలో తిప్పే పటిక కూడా ఆ కుటుంబానిదే. తాగేవారికి మేలు చేసిన వస్తువే వీరిపాలిట మృత్యువయింది.

ఇక మా ప్రాంతం. 1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారంలలో మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో పడి మంజీరను చేరాయి. డాక్టర్ కిషన్ రావు వంటివారు దశాబ్దాలపాటు పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీం కోర్టుకు ఎక్కింది. ఇక్కడి ఉమ్మడి శుద్ధికేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ నీళ్ళే డయాలిసిస్‌కు వస్తున్నాయని నేను అనడం లేదు. నీటిని నమ్మడం కష్టమైన నేల ఇది అని మాత్రమే నా మనవి.

అందుకే మెత్తబరచే యంత్రం, బొగ్గు వడపోత, ఆపైన ఆర్‌వో. ఆర్‌వో పొర ఎన్నో లవణాలను ఆపుతుంది గాని, క్లోరమీన్‌ను సరిగ్గా ఆపలేదు. ఆ పని బొగ్గుది. బొగ్గు అలసిపోతే రక్తకణాలు పగిలిపోతాయి. కనుక క్లోరిన్ పరీక్షను రోజూ చేసి పుస్తకంలో రాయాలి. రోగి ప్రాణం యంత్రంతో బాటు ఆ పుస్తకంలోని నిజాయితీ మీద కూడా ఆధారపడి ఉంది.

ఇదంతా మామకు విడమరచి చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "మా వాగు నీళ్ళను గిట్ల కడిగెటోళ్ళుంటే ఎంత బాగుండు!" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆనాటి పరీక్షకు ఎదురుగా సంతకం ఉందో లేదో చూద్దామని పుస్తకం అడిగాను. ఉంది.