పిల్లికి మందు, పురుగుకు గండం

చింతామణి, శిడ్లఘట్ట పక్క పల్లెల నుంచి పిల్లికి పేలమందు కావాలని ఎవరైనా వస్తే, నేను పిల్లి సంగతి తర్వాత అడిగేవాణ్ణి. ముందు అడిగేది, "ఇంట్లో పురుగులు ఎన్నో జ్వరంలో ఉన్నాయమ్మా?" అని. బాగేపల్లి పశు ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరి, చింతామణిలో రిటైరయ్యాను. ఈ ప్రశ్న నాకు పుస్తకం నేర్పలేదు, పల్లె నేర్పింది.

పట్టుపురుగు పొర విడిచే ముందు ఆకు మానేసి, తల ఎత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటి, కడుపునిండా తిన్నాక చంద్రికలనే చట్రాలెక్కి గూడు కడుతుంది. ఆ నాలుగు వారాలు ఇంట్లో పురుగుమందు పేరెత్తకూడదు. పేనును చంపే మందుకు పట్టుపురుగు మీద ప్రత్యేకమైన ప్రేమేమీ ఉండదు కదా. అలాగని పిల్లిని తరిమేయడానికీ లేదు. తట్టల్లో మెత్తగా బలిసిన పురుగులంటే ఎలుకలకు పండగ, గూళ్ళనూ కొరికి లోపలి పురుగును లాక్కుంటాయి. టిప్పు సుల్తాన్ కాలంలో మైసూరు సీమకు బెంగాల్ నుంచి పట్టుపురుగు తెప్పించారు. ఆ పురుగు ఎక్కిన ప్రతి ఇంట్లో పిల్లికి ఉద్యోగం దొరికిందనే నా నమ్మకం. జీతం పాలు, పెరుగన్నం. వైద్యం మాత్రం ఒప్పందంలో లేదు.

పాతకాలపు మందుల్లో అన్నిటికంటే ఘాటైనది పొగాకు కషాయం. గొర్రెలకూ ఎద్దులకూ పూసేవాళ్ళు. కానీ పొగాకు తాకిన చేత్తో మల్బరీ ఆకు వేస్తే పురుగులు వాంతి చేసుకొని వంకర్లు తిరుగుతాయి. అందుకే పట్టు ఇళ్ళలో అది నిషిద్ధం. మిగిలినవి వేపాకు మరగకాచిన నీళ్ళు, కానుగ నూనె, సీతాఫలం గింజల పొడి, కొబ్బరినూనెలో నూరిన గంధకం. సీతాఫలం గింజకు పేలను చంపే గుణం నిజంగానే ఉంది. కంట్లో పడితే మాత్రం కన్ను ఎర్రగా వాచి, పిల్లి వారం రోజులు గోడవార కూర్చుంటుంది. కానుగ నూనె కుక్కకు సరే. పిల్లి ఒంటికి ఏది పూసినా చివరికి దాని కడుపులోకే చేరుతుంది, నాకకుండా ఉండదు. ఉన్నవాటిలో గంధకానికే నేను మార్కులు వేస్తాను. చెవుల అంచుల నుంచి మొదలై మొహమంతా బూడిదరంగు పొరలు కట్టే గజ్జి ఉంది చూడండి, మా పక్క పిల్లులకు అదే పెద్ద శత్రువు. చర్మంలో సొరంగాలు తవ్వే నోటోయెడ్రిస్ అనే సూక్ష్మజీవి పని అది. గంధకానికి అది లొంగుతుందని ముసలమ్మలకు సూక్ష్మదర్శిని లేకుండానే తెలుసు.

ఈ పేల చరిత్రలో మా సీమకు ఇంకో అధ్యాయం ఉంది, అది నవ్వేది కాదు. 1898లో ప్లేగు బెంగళూరు చేరింది. అక్కడి నుంచి పల్లెలకు పాకింది. కప్పు నుంచి ఎలుక రాలి పడితే మూటముల్లె కట్టుకొని, ఊరు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళమని మా అవ్వ చెప్పేది. ఎలుక నుంచి మనిషికి జబ్బు ఎలా దాటుతోందో అప్పటికి ఎవరికీ ఖాయంగా తెలియదు. అదే 1898 జూన్‌లో కరాచీలో పాల్-లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు ఒక ప్రయోగం చేశాడు. జబ్బు ఎలుకను గాజు జాడీలో పెట్టాడు. పక్కనే, దాన్ని ముట్టుకోలేకుండా, చిన్న పంజరంలో మంచి ఎలుకను ఉంచాడు. మొదటిది చచ్చింది, కొన్నాళ్ళకు రెండోదీ చచ్చింది. మధ్యలో గెంతింది పేలే. జబ్బు ఎలుక మీద పేలు చాలవేమోనని, హోటల్ చుట్టూ తిరిగే పిల్లి ఒంటి మీంచి కొన్ని తెచ్చి వేశాడట! పిల్లి పేను ప్లేగును మోయడంలో అంత గట్టిది కాదని తర్వాత తేలింది. సిమోన్ అదృష్టవంతుడనే అనాలి. అయినా ఆయన మాట తోటి డాక్టర్లు కొన్నేళ్ళు నమ్మలేదు. 1905 తర్వాత ప్లేగు కమిషన్ ప్రయోగాలతో నమ్మక తప్పలేదు. ఆ రోజుల్లోనే ఆండ్రూ బుకానన్ అనే ప్రభుత్వ వైద్యుడు, పిల్లులున్న ఊళ్ళకు ప్లేగు తక్కువ, ఇంటింటా పిల్లిని పెంచండి అని ప్రచారం చేశాడు. ఎలుకను తిన్న పిల్లికీ ప్లేగు రావచ్చన్న సంగతిని ఆయన తేలిగ్గా తీసుకున్నాడేమో అనిపిస్తుంది.

ఇదంతా ముత్తాతల కాలం అనుకోవద్దు. 1966లో మా కోలారు జిల్లాలోనే, ముళబాగిలులో ప్లేగు బయటపడింది. ఇప్పుడు మా ఊళ్ళున్న చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది 2007లోనే, అప్పట్లో మేమంతా కోలారువాళ్ళమే. ఆ తర్వాత 1994లో సూరత్, బీడ్ వార్తలు వచ్చేదాకా దేశంలో ప్లేగు ఊసు లేదు. కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు కలిసే ఆ మూలలో బెంగళూరు ప్లేగు నిఘా విభాగంవాళ్ళు పొలం ఎలుకల్ని పట్టి, దువ్వి, పేలు లెక్కపెట్టేవాళ్ళు. ఊరకుక్కల రక్తమూ తీసేవాళ్ళు. పిల్లి రక్తం తీయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదనుకుంటా.

1953లో మలేరియా పథకం మొదలయ్యాక గోడలకు డీడీటీ కొట్టారు. దోమలతోపాటు ఎలుకల పేలూ తగ్గాయి. పట్టు ఇళ్ళవాళ్ళు మాత్రం గుమ్మంలో అడ్డం నిలబడేవాళ్ళు. "సామీ, మీ మందు మీ ఇంట్లో కొట్టుకో, మా పురుగులు పోతాయి." వాళ్ళది మొండితనమని అధికారులు విసుక్కునేవాళ్ళు. నేను వాళ్ళ పక్షమే. అదే కోలారు జిల్లాలో, కామసముద్రం పక్క పట్టు పల్లెల్లో, 1990 దశకంలో మందు చల్లడం మాని బావుల్లో దోమపిల్లల్ని తినే చేపలు వదిలి మలేరియాను తగ్గించారు. మొండితనం కూడా ఒక్కోసారి శాస్త్రానికి దారి చూపుతుంది.

పేల దగ్గరికి వస్తే, పిల్లి ఒంటి మీద కనిపించేవి కొన్నే. గుడ్లు జారి నేల పగుళ్ళలో, గోనెసంచుల్లో పడతాయి. అక్కడ పుట్టిన పురుగు కూడా పట్టుతోనే గూడు కట్టుకుంటుంది! దుమ్ము అంటుకున్న ఆ చిన్న గూటిలోకి మందు దిగదు. నెలల తరబడి లోపల కూర్చొని, మనిషి అడుగుల అదురు తెలిసినప్పుడు బయటికి గెంతుతుంది. కాబట్టి పిల్లి కంటే ముందు నేలకు వైద్యం చేయాలి. పిల్లి పడుకునే గోనె వేడినీళ్ళలో ఉడకేసి ఎండలో ఆరేయమనీ, పిల్లిని ఈరుబానతో దువ్వి, చిక్కిన పేలను సబ్బునీళ్ళలో ముంచమనీ చెప్పేవాణ్ణి. దువ్వినప్పుడు రాలిన నల్లటి నలుసును తడి కాగితం మీద పెడితే ఎర్రగా కరుగుతుంది. అది పేను పెంట, అంటే పిల్లి రక్తమే. మందు ఇవ్వకుండా కాగితం చూపిస్తాడని నన్ను తిట్టుకున్నవాళ్ళూ లేకపోలేదు.

తర్వాత గజ్జికి ఐవర్‌మెక్టిన్ వచ్చింది, పేలకు మెడ మీద చుక్కలు వేసే ఫిప్రోనిల్ వచ్చింది. అంతకుముందే, 1980లో బెంగాల్ వైపు నుంచి పట్టుపురుగుల శత్రువైన ఊజీ ఈగ వచ్చి పడ్డాక పురుగుల గదులకు కిటికీ, తలుపు అంతా వల బిగించారు. ఈగతోపాటు పిల్లీ బయటే ఉండిపోయింది. చాలామంది ఇప్పుడు పురుగుల షెడ్డు ఇంటికి దూరంగా కట్టుకుంటున్నారు, పిల్లికి చుక్కలు వేయడానికి దారి దొరికింది. అయినా రెండు మాటలు చెప్పకుండా పంపను. కుక్కకని రాసున్న పెర్మెత్రిన్ మందు పిల్లికి వేయొద్దు, వణికి వణికి చస్తుంది, దాని కాలేయం ఆ మందును విరిచేయలేదు. రెండోది, పిల్లికి మందు వేసిన మనిషి ఆ రోజు మల్బరీ ఆకు ముట్టకూడదు, ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పాలి.