కవిత్వమును లెక్కించిన గణితజ్ఞుఁడు

పెనుగొండ మొదలగు గోదావరీ ప్రాంత గ్రామములలో ఛందస్సు నేర్చువారు పద్యమునకు గురులఘువులు గుర్తించి గణవిభజన చేయుదురు. కావునఁ బద్యమును లెక్కించుట మనకుఁ గ్రొత్త గాదు. ఆ లెక్క లక్షణము సరిపోయినదో లేదో తెలుపును. కవి యెవఁడో కూడఁ దెలుపఁగలదా? ఈ ప్రశ్నకు మార్గము చూపినవారిలో రష్యాదేశపు గణితజ్ఞుఁడు ఆంద్రేయి కోల్మొగొరోవ్ ముఖ్యుఁడు.

ఈయన 1903లో జన్మించి 1987లో మరణించెను. యౌవనమున నొవ్‌గొరోద్ సీమయందలి ప్రాచీన భూస్వామ్యమును బరిశోధించెను. చరిత్రకు ఒక్క నిదర్శనము చాలదు, పెక్కు కావలెనని గురువు చెప్పఁగా, ఒక్క నిరూపణముతోఁ దృప్తిపడు గణితమునకే మరలెనని చెప్పుదురు. 1933లో సంభావ్యతాశాస్త్రమునకుఁ బునాదులు కట్టెను.

అంతకు మున్నే, 1913లో, మార్కోవ్ అను పండితుఁడు పూష్కిన్ కావ్యమునుండి 20,000 అక్షరములను గొని, అచ్చులు హల్లులు నొకదాని వెంట నొకటి వచ్చు తీరును లెక్కించెను. కోల్మొగొరోవ్ లయను లెక్కించెను. 1962లో కొంద్రాతోవ్‌తోఁ గలసి మయకోవ్‌స్కీ కావ్యముల లయను గూర్చి వ్యాసము ప్రకటించెను. ఆయన పద్ధతి యిది: వచనములో నేవిధమైన మాటలు ఎంత తఱచుగా వచ్చునో ముందు లెక్కింపవలెను. ఆ మాటలు యాదృచ్ఛికముగా ఛందస్సులో నిమిడినచో నే నడక యెంత తఱచుగా రావలెనో గణింపవలెను. పిదపఁ గవి పద్యములతోఁ బోల్పవలెను. ఆ భేదమునందే కవి రుచి బయటపడును.

ఆ 1962లోనే ఆయన కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునఁ జదివిన సి. ఆర్. రావుగారు అప్పు డక్కడి యాచార్యులు. వారి శిష్యుఁడైన వరదన్ సిద్ధాంతవ్యాసమును బరీక్షించినవారిలో నీ రష్యను పండితుఁ డొకఁడు.

ఈ పద్ధతి తెలుఁగునకుఁ దగునా? ఉత్పలమాలలో గురులఘువుల స్థానములన్నియు నిర్ణీతములు. సీసమున నట్లు గాదు. ప్రతిపాదమునందు నాఱింద్రగణములు, రెండు సూర్యగణములు నుండవలెను. ఆ యింద్రగణములలో నాఱు భేదము లున్నవి. కవి వేనిని వరించెనో లెక్కింపవచ్చును. గురులఘునిర్ణయము నేఁడు కంప్యూటరుకు సులభము. యతినిర్ణయమునకుఁ బదచ్ఛేదము కావలెను గనుక నది కష్టతరము.

మన కొక గొప్ప పరీక్షాస్థలము కలదు. రాజమహేంద్రవరమున నన్నయభట్టు ఆరంభించిన భారతము అరణ్యపర్వమున నాఁగిపోయెను. 14వ శతాబ్దిలో ఎఱ్ఱాప్రగడ నన్నయ శైలి ననుసరించుచు నా శేషమును బూరించెను. ఆ యనుసరణ గణముల యెంపికలోఁ గూడ నిలిచెనా? దీనిని విచారించుటకు నేఁటి పత్రికల వచనము కొలబద్ద కాఁజాలదు. ఆ భాష వేఱు. భారతమునందలి వచనములనే కొలబద్దగాఁ గొనవలెను.

అయినను గోల్మొగొరోవ్ గురువు మాట మఱవరాదు. గణములలెక్క యొక్కటియే కర్తను నిర్ణయింపలేదు. తాళపత్రప్రతుల పాఠములు, పదప్రయోగములు, లక్షణగ్రంథములు పలుకు సాక్ష్యముతో దానిని సరిచూచినప్పుడే యది చరిత్ర యగును.