రైలు రిజర్వేషన్ వ్యవస్థలో ప్రాసెసర్ల మార్పు: సికింద్రాబాద్ ‘కాన్సర్ట్’ ఆధారంగా చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారతీయ రైల్వే కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థ నాలుగు దశాబ్దాలలో వ్యాక్స్, ఆల్ఫా, ఐటేనియం అనే మూడు తరాల ప్రాసెసర్లపై నడిచింది. దేశంలోని ఐదు రిజర్వేషన్ కేంద్రాలను ఒక్కటిగా కలిపిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ తొలిసారి అమలైంది సికింద్రాబాద్‌లోనే. యంత్రాలు మారినా ఈ వ్యవస్థ నిలవడానికి తోడ్పడిన సాంకేతిక కారణాలను, ఆ కొనసాగింపు వెనుక పెరిగిన పరాధీనతను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రైల్వే రిజర్వేషన్, కాన్సర్ట్, సికింద్రాబాద్, ప్రాసెసర్, ఓపెన్‌వీఎంఎస్, డేటాబేస్.

1. ఉపోద్ఘాతం:
మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ మండలానికి రైలుమార్గం లేదు. అక్కడివారు దూరప్రయాణం చేయాలంటే కాజీపేట - విజయవాడ మార్గంలోని మహబూబాబాద్ స్టేషన్‌కో, వరంగల్‌కో చేరుకోవాలి. అంతదూరం వచ్చి రైలెక్కే మనిషికి చేతిలోని టికెట్టే హామీ. అందులో రాసి ఉన్న బెర్తు మరొకరికి కేటాయించి ఉండకూడదు. ఒకే క్షణంలో వేర్వేరు ఊళ్లలో ఇద్దరు ఒకే బెర్తును కోరినా, అది ఒక్కరికే దక్కాలి. రిజర్వేషన్ డేటాబేస్ నిర్వర్తించే ప్రధాన ధర్మం ఇదే. ఈ ధర్మం తప్పకుండా దాని కింది యంత్రాన్ని మార్చడం ఎలా సాధ్యమైందన్నది ఇక్కడి ప్రశ్న.

2. రిజిస్టరు నుంచి ‘కాన్సర్ట్’ వరకు:
కంప్యూటర్లకు ముందు ఒక్కో రైలుకు, ఒక్కో తేదీకి రిజిస్టరు ఉండేది. ఏ రైలు రిజిస్టరు ఏ కౌంటరులో ఉంటే ఆ వరుసలోనే నిలబడాలి. నడిమి స్టేషన్లకు కొన్ని బెర్తులు కోటాగా దక్కేవి. తిరుగు ప్రయాణానికి టెలిగ్రాం పంపి జవాబు కోసం ఎదురుచూడాలి.

ఈ స్థితిని మార్చినది ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ రూపొందించిన ‘ఇంప్రెస్’ సాఫ్ట్‌వేర్. అది 1985 నవంబరులో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలై, తరువాత ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలకు విస్తరించింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ (డెక్) తయారుచేసిన వ్యాక్స్ యంత్రాలు దానికి ఆధారం. అయితే ఈ ఐదు కేంద్రాలూ దేనికదిగా ఉండేవి. ఒక కేంద్రపు డేటాబేస్‌లోని బెర్తును మరో కేంద్రం నేరుగా కేటాయించలేకపోయేది.

1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం (క్రిస్) ఈ లోపాన్ని సవరిస్తూ ‘కాన్సర్ట్’ను రూపొందించింది. ప్రధానంగా సి భాషలో రాసిన ఈ సాఫ్ట్‌వేర్ 1994 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో అమలైంది. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ అనుసంధానమయ్యాయి. కేంద్రాల మధ్య లావాదేవీలను చేరవేసే పనిని డెక్ రూపొందించిన ‘రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్’ నిర్వహించేది. దీనితో మహబూబాబాద్ వంటి స్టేషన్ కౌంటరు నుంచి కూడా ఇతర కేంద్రాల పరిధిలోని రైళ్లకు టికెట్టు తీసుకోవడం వీలైంది. 2002 ఆగస్టులో మొదలైన ఇంటర్నెట్ టికెట్టుకూ ఈ వ్యవస్థే పునాది.

3. మూడు ప్రాసెసర్లు - ఒకే పరంపర:
ప్రతి ప్రాసెసర్ కుటుంబానికీ తనదైన ఆదేశాల భాష ఉంటుంది. ఒకదానికోసం సిద్ధమైన ప్రోగ్రాం మరొకదానిపై ఉన్నదున్నట్లుగా నడవదు. 1977లో వచ్చిన వ్యాక్స్ 32 బిట్ల యంత్రం. 1992లో వచ్చిన ఆల్ఫా 64 బిట్లది. తక్కువ రకాల, సరళమైన ఆదేశాలతో పనిచేసేది. 2001లో వచ్చిన ఐటేనియం, ఏయే ఆదేశాలు ఏకకాలంలో నడవాలో నిర్ణయించే భారాన్ని కంపైలర్‌పై మోపింది.

ఇంత భేదమున్నా పరంపర తెగకపోవడానికి ముఖ్యకారణం ఓపెన్‌వీఎంఎస్ అనే నిర్వహణ వ్యవస్థ. అది మూడింటిపైనా లభించింది. మూలప్రోగ్రాం చేతిలో ఉంటే కొత్త యంత్రంపై తిరిగి కంపైల్ చేసుకోవచ్చు. లేనప్పుడు పాత యంత్రభాషను కొత్తదానిలోకి మార్చే అనువాద సాధనాలు ఉండేవి. మూడింటిలోనూ ఓపెన్‌వీఎంఎస్ సంఖ్యల బైట్లను ఒకే క్రమంలో నిల్వచేసేది. కనుక ఫైళ్లను తిరగరాయవలసిన అవసరం చాలామేరకు తప్పింది. వ్యాక్స్, ఆల్ఫాలను, ఆ తరువాత ఆల్ఫా, ఐటేనియంలను ఒకే సమూహంలో కలిపి నడిపే వీలు కూడా ఉంది.

చిక్కులు లేకపోలేదు. భిన్నసంఖ్యలను వ్యాక్స్ తన సొంత పద్ధతిలో నిల్వచేసేది. ఐటేనియం హార్డ్‌వేర్ గుర్తించేది ఐఈఈఈ ప్రమాణాన్నే. మెమరీలో అడ్డదిడ్డంగా అమరిన సమాచారాన్ని వ్యాక్స్ సులువుగా సహించేది. ఆల్ఫాపై అదే అమరిక ప్రోగ్రాం వేగాన్ని బాగా తగ్గించేది. తప్పు బయటికి కనిపించకుండా లెక్కలోనో వేగంలోనో తేడా తేవడం ఇటువంటి మార్పుల లక్షణం. అందుకే యంత్రం కొనడం కంటే పరీక్షించడమే పెద్ద పని అవుతుంది.

4. కొనసాగింపు వెనుక పరాధీనత:
ఈ మార్పుల సమయాన్ని నిర్ణయించినది ప్రయాణికుల అవసరం ఒక్కటే కాదు. 1998లో డెక్‌ను కాంపాక్ కొన్నది. 2001లో ఆ సంస్థ ఆల్ఫాకు స్వస్తి పలికి ఐటేనియం వైపు మళ్లుతున్నట్లు ప్రకటించింది. మరుసటి ఏడాది కాంపాక్ హెచ్‌పీలో కలిసింది. 2011లో ఐటేనియం కోసం ఇకపై తన సాఫ్ట్‌వేర్ రూపొందించబోనని ఒరాకిల్ ప్రకటించగా హెచ్‌పీ కోర్టుకెక్కింది. 2016లో జ్యూరీ 300 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించింది. 2021 జులైతో ఇంటెల్ ఐటేనియం సరఫరా ముగించింది. ఈ నిర్ణయాలలో ఏ ఒక్కటీ భారతదేశంలో జరగలేదు. వాటిని అనుసరించక తప్పని స్థితి మాత్రం ఇక్కడి ప్రజావ్యవస్థలకు ఏర్పడింది.

2010లో నెలకొల్పిన రిజర్వేషన్ వేదిక ఐటేనియం సర్వర్లపై, ఓపెన్‌వీఎంఎస్‌తో నడుస్తున్నదని, దానిని క్లౌడ్‌కు అనువైన సాంకేతికతకు మారుస్తున్నామని ప్రభుత్వం 2025లో పార్లమెంటుకు తెలిపింది. నిమిషానికి సుమారు 25,000 టికెట్ల సామర్థ్యాన్ని లక్షకు పైగా పెంచడం లక్ష్యమని పేర్కొంది.

ఈ మార్పు స్వభావం వేరు. శిథిలమవుతున్న తాళపత్రం నుంచి కొత్త ఆకులపైకి ప్రతి రాయడం ఒక పని. అదే గ్రంథాన్ని మరో భాషలో తిరిగి చెప్పడం మరో పని. మొదటిదానిలో పాఠభేదాలు దొర్లుతాయి. రెండవదానిలో అర్థమే జారిపోవచ్చు. వ్యాక్స్ నుంచి ఐటేనియం వరకు జరిగినది ప్రధానంగా మొదటి పని. నిర్వహణ వ్యవస్థనే విడిచిపెట్టినప్పుడు రెండవ పని మొదలవుతుంది. కోటాలు, ఆర్‌ఏసీ, వెయిటింగ్ లిస్టు, రాయితీలు, రద్దు నిబంధనలు దశాబ్దాలుగా ప్రోగ్రాంలో పొరలు పొరలుగా చేరినవి. అవి నియమావళి పుస్తకంలో ఎంత స్పష్టంగా ఉన్నాయన్నదానిపైనే కొత్తరచన నిర్దుష్టత ఆధారపడుతుంది.

5. ముగింపు:
సికింద్రాబాద్‌లో 1994లో మొదలైన ‘కాన్సర్ట్’ చరిత్రలో ప్రాసెసర్ మార్పు ప్రయాణికుని దృష్టికి రాలేదు. ఆ అదృశ్యతే ఆ పని సాఫల్యానికి కొలమానం. దానివల్లనే ఆ పని చరిత్రరచనలోనూ చోటు పొందలేదు. రైలు చరిత్ర రాసేవారు స్టేషన్లను, ఇంజన్లను నమోదుచేసినట్లే ప్రోగ్రాంలను, వాటిలోని నియమాలను, చేసిన పరీక్షలను కూడా పత్రాలుగా భద్రపరచాలి. ఆ పత్రాలు ఉన్నప్పుడే తరువాతి యంత్రం ఎవరిదైనా, కొత్తగూడ నుంచి వచ్చి రైలెక్కే మనిషి బెర్తు అతనిదిగానే ఉంటుంది.