ఒక డిష్, ఎనిమిది వాటాలు

టీవీ సీరియళ్లలో స్త్రీ పాత్రల గురించి మనం చాలానే రాసుకున్నాం. టీవీ చూసే స్త్రీల గురించి కూడా పరిశోధనలొచ్చాయి. పూర్ణిమా మంకేకర్ 1999లో తెచ్చిన పుస్తకం అలాంటిదే. కానీ ఆ బొమ్మ ఇంట్లోకి వచ్చిన దారి గురించి రాసుకున్నది తక్కువ. మేడ మీద డిష్, గోడ వెంట దిగిన నల్ల వైరు, దానికోసం నెలనెలా ఇంటింటా పోగుచేసిన డబ్బు... వీటికీ ఒక చరిత్ర ఉంది. అందులో ఆడవాళ్ల వాటా ఎంత అన్నదే నా ప్రశ్న.

డిష్‌ని పదిమందీ పంచుకోవడం మనకు కేబుల్‌తో మొదలవలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఊరికొక టీవీ సెట్టు ఇచ్చారు. కోళ్లగూళ్లకు వాడే లాంటి తీగవలతో చేసిన మూడు మీటర్ల యాంటెన్నాలు అవి. సెట్టు ఊరుమ్మడిది. అయితే ఊరుమ్మడి చోటు ఆడవాళ్లకు ఎప్పుడు ఉమ్మడి అయింది? వంట వేళకి, పిల్లల ఏడుపుకి, కులం గీసిన గీతకి లోబడే ఎవరైనా ఆ సెట్టు ముందుకి రాగలిగేది.

రెండో పంపకం పట్నాల్లో, ప్రభుత్వ ప్రమేయం లేకుండా జరిగింది. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ నేరుగా చూపించింది. అదే ఏడు ఆసియాశాట్-1 మీద స్టార్ చానళ్లు మొదలయ్యాయి. 1992 అక్టోబరు 2న జీ టీవీ వచ్చింది. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిందీ ఆ 1992లోనే, ఆగస్టు 1న. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు. ఊరు సగం షిఫ్టుల మీద నడిచేది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే మగవాడు ఉన్న ఇంట్లో రేడియో గొంతు కూడా తగ్గించాలి. అలాంటి ఇళ్ల మేడల మీదకి డిష్ ఎక్కింది.

ఆసియాశాట్ భూమధ్యరేఖ మీద 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉండేది. విశాఖ నుంచి చూస్తే అది ఆగ్నేయంగా, సుమారు 57 డిగ్రీల ఎత్తున. అంటే మన డిష్‌లన్నీ సముద్రం వైపే మొహం పెట్టుకుని ఉండేవి. ఆ రోజుల సంకేతాలు బలహీనం కాబట్టి ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల పళ్లెం కావాలి. ఒక్క జీతంతో అయ్యే పని కాదు. అందుకని వాటాలు.

పళ్లెం ఒడిసిపట్టిన తరంగాలను దాని ముందున్న ఎల్ఎన్‌బీ పెంచి, తక్కువ పౌనఃపున్యానికి దింపి, వైరులోకి పంపుతుంది. రిసీవరు అందులోంచి ఒక చానల్‌ని ఎంచుతుంది. మాడ్యులేటరు దాన్ని మామూలు టీవీకి అర్థమయ్యేలా మారుస్తుంది. ఇక్కడొక కిటుకు ఉంది. ఒక రిసీవరు ఒకసారి ఒక్క చానల్‌నే ఇస్తుంది. రెండో చానల్ కావాలంటే రెండో రిసీవరు, రెండో మాడ్యులేటరు కొనాలి. కాబట్టి రిసీవరు ఎవరి గదిలో ఉంటే వాళ్లు తిప్పిందే ఎనిమిది ఇళ్లూ చూడాలి.

గాజువాకలో మేమున్న ఎనిమిది వాటాల మేడలో అది పై వాటా మాస్టారి గదిలో ఉండేది. మా అమ్మ పద్దుల పుస్తకంలో పాలు, కిరోసిన్, చీటీ పక్కన ‘డిష్’ అని నెలనెలా ఒక పద్దు. డబ్బు పోగుచేసే పని అమ్మదీ, కింది వాటా పిన్నిగారిదీ. ఇవ్వలేని వాళ్లకి సర్ది చెప్పడం, మరుసటి నెలకి వాయిదా వెయ్యడం వీళ్ల వంతు. చానల్ ఏదన్నది మాత్రం మగవాళ్లు మేడ మీద తేల్చేవారు. క్రికెట్, వార్తలు, రాత్రి ఇంగ్లీషు సినిమా. కరెంటు పోయి వచ్చాక రిసీవరు మళ్లీ పెట్టమని అడగడానికి కూడా పైకి ఏ పిల్లాడినో పంపాలి, తాము వెళ్లకూడదు. ఆ తీగలో తెలుగు అసలు లేదు. ఈటీవీ 1995 ఆగస్టు 27న వచ్చింది, జెమినీ కూడా ఆ ఏడే. అందాకా తమకు రాని భాషలకి వీళ్లు నెలనెలా చందా కట్టారు.

ఈలోగా చట్టం వచ్చింది. 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సు, 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం. అప్పట్లో ఆపరేటరు హెడ్ పోస్టాఫీసులో నమోదు కావాల్సి ఉండేది. చందాదారు అంటే సంకేతాన్ని తన చోట అందుకుని, మరొకరికి అందించని వ్యక్తి అని చట్టం నిర్వచించింది. ఇరుగుపొరుగుకి ఇవ్వకపోవడమే చందాదారు లక్షణం! 1994 నియమాల్లో ఇంకో ముచ్చట ఉంది. స్త్రీలను కించపరిచే కార్యక్రమాలు చూపరాదన్నారు, బాగుంది. స్త్రీలను నాయకత్వం, నిగ్రహం, శీలసంపద గలవాళ్లుగా చూపేందుకు ఆపరేటరు పాటుపడాలని కూడా అన్నారు. తెర మీది స్త్రీకి శీలం కావాలన్న చట్టానికి, తెర ముందున్న స్త్రీకి ఎంపిక కావాలని తోచలేదు.

మా మేడ డిష్ తుప్పు పట్టింది. ఆపరేటరు తీగ వచ్చింది. ఇంట్లో ఎవరి రిమోటు వాళ్లకి దక్కింది, మధ్యాహ్నాలు అమ్మకి తెలుగు దక్కింది. ఇది చిన్న లాభం కాదు. ఉమ్మడిగా ఉన్నదల్లా సమానమని నేను అనుకోను. అయితే డబ్బు అడిగే వంకతో ఎనిమిది గడపలు తిరిగి, ఎవరింట్లో జీతం ఆగిందో, ఎవరి ఒంటి మీద దెబ్బలున్నాయో తెలుసుకున్న ఇద్దరు ఆడవాళ్ల తిరుగుడు కూడా దాంతో ఆగిపోయింది. చందాకి ఆపరేటరు కుర్రాడు వచ్చేవాడు. 2003 నుంచి డీటీహెచ్ చిన్న పళ్లేలు వచ్చాయి. 2013 మార్చి 31 గడువుతో విశాఖ కేబుల్ డిజిటల్ అయింది, ఇంటికో పెట్టె వచ్చింది. గడప దగ్గర తలుపు కొట్టే అవసరం క్రమంగా తగ్గింది.

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాట స్త్రీలను అడిగి, విని, చరిత్రను తిరగరాయవచ్చని చూపించారు. ఆ పద్ధతి పోరాటాలకే కాదు, పద్దులకీ పనికొస్తుంది. టీవీ యుగానికి ఆడవాళ్లు ప్రేక్షకులు మాత్రమే కారు. దాన్ని మేడ మీద నిలబెట్టడానికి డబ్బు కూడబెట్టిన వాళ్లు, మాటపడిన వాళ్లు, ఏం చూడాలో మాత్రం అడగబడని వాళ్లు. మన ఇళ్లల్లో ట్రంకుపెట్టెల అడుగున పాత పద్దుల పుస్తకాలు ఇంకా ఉన్నాయి. కాగితాల వాడికి వెయ్యకముందే వాటిని ఒకసారి తిరగేద్దాం.