పుట్టింటి గడపే చాలు

మడకశిరలో బయలుదేరిన బస్సు పావగడ వైపు పోతోంది. కిటికీ పక్కన కూర్చున్నా సరిహద్దు ఎక్కడ దాటామో చెప్పలేం. అదే ఎర్రనేల, అవే వేరుశనగ చేలు, అవే బండరాళ్ల గుట్టలు. అంగళ్ల మీది బోర్డులు కన్నడంలోకి మారాక తెలుస్తుంది, కర్ణాటకలోకి వచ్చామని. బస్సులో మాటలు మాత్రం తెలుగులోనే సాగుతున్నాయి. పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. జిల్లా కేంద్రం తుమకూరు సుమారు వంద కిలోమీటర్ల దూరం. పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్లు మాత్రం పక్కనే ఉన్నాయి.

ముందు సీట్లో ఒక అమ్మాయి. ఒళ్లో రెండేళ్ల బిడ్డ, పక్కన తల్లి. ఎండ ఇంకా ముదరలేదు, అయినా కొంగు భుజాల నిండా కప్పుకుంది. ఆమెకు పేరు పెట్టను. ఈ సరిహద్దు పల్లెల్లో ఇలాంటి ఆడబిడ్డలు ఎందరో ఉన్నారు, వాళ్లందరి తరఫునా ఆమె ఈ బస్సులో కూర్చుంది. పుట్టిల్లు పావగడ తాలూకాలో నాగలమడిక పక్క, మెట్టినిల్లు ఆంధ్రలో మడకశిర పక్క. భర్త కొడుతున్నాడని పెద్దమనుషుల పంచాయితీ అయింది. సర్దుకుపొమ్మని చెప్పి పంపారు. మళ్లీ కొట్టాడు. ఈసారి ఆమె అక్కడ ఉండలేదు, తల్లితో బయలుదేరింది.

పావగడలో దిగాం. కోటకొండ ఊరి మీదికి వంగినట్టుగా కనబడుతుంది. శనిమహాత్మ గుడికి పోయే జనంతో బస్టాండు దగ్గర సందడిగా ఉంది. తల్లీకూతుళ్లు గుడివైపు పోకుండా స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ తాలూకా ఆఫీసు ఎక్కడని అడుగుతూ నడుస్తున్నారు. ఊళ్లో అంగన్‌వాడీ టీచరు చెప్పి పంపిందట. పోలీస్ స్టేషన్ మాట ఎత్తితే తల్లి తల అడ్డంగా ఊపింది. ఆ భయానికి కారణం ఉంది. 2025 జనవరి మొదట్లో మధుగిరి డీఎస్పీని సస్పెండ్ చేసి అరెస్టు చేశారు. భూమి తగాదా మీద ఫిర్యాదు ఇవ్వడానికి పావగడ నుంచి వెళ్లిన ఒక మహిళ పట్ల తన ఆఫీసులోనే లైంగికంగా తప్పుగా ప్రవర్తించాడన్నది ఆయన మీద ఆరోపణ. ఆ వీడియో ఈ పల్లెల్లో ప్రతి ఫోనుకూ చేరింది. న్యాయం అడగబోయిన ఆడమనిషికి అక్కడే అన్యాయం జరిగిందన్న మాట ఒక్కసారి చెవిన పడితే, ఎన్ని అవగాహన సభలు పెడితే ఆ భయం పోతుంది?

ఆఫీసులో బల్ల ముందు కూర్చున్నారు. రాసుకునే మేడమ్ కన్నడంలో మొదలుపెట్టి, అమ్మాయి ముఖం చూసి తెలుగులోకి మారింది.

"యా ఊరమ్మా మీది?"

"మాది నాగలమడిక పక్క మేడమ్. నన్నిచ్చింది మడకశిర పక్క."

తల్లి ఆగలేకపోయింది. "ఈడ కేసు పెట్టేకి అయితాదా తల్లీ? వాళ్లది ఆంధ్రా గదా."

"అయితాదమ్మా. నీ బిడ్డ ఇప్పుడు యాడుందో ఆడే పెట్టచ్చు."

తల్లి నమ్మలేనట్టు చూసింది. మీరూ ఆ జవాబు దగ్గర కాసేపు ఆగండి. గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దాని 27వ సెక్షన్ ప్రకారం బాధితురాలు శాశ్వతంగానో తాత్కాలికంగానో ఎక్కడ ఉంటే అక్కడి మేజిస్ట్రేటు ఆమె దరఖాస్తు తీసుకోవచ్చు. ఇక్కడ ఇచ్చిన ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది. క్రిమినల్ కేసు సంగతి కూడా సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో రూపాలీ దేవి కేసులో తేల్చింది. అత్తింటి హింస తట్టుకోలేక భార్య తలదాచుకున్న చోట కూడా పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 498ఎ సెక్షన్ కేసు నడుస్తుంది. దెబ్బలు అక్కడే తగిలినా వాటి బాధ ఆమెతో పాటు పుట్టింటికీ వస్తుందని కోర్టు గుర్తించింది. ఇప్పుడా నేరం భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ కింద ఉంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. "మా పరిధి కాదు, ఆంధ్రాకి పోండి" అని తిప్పి పంపే వీలు చట్టంలో లేదు.

మేడమ్ ఫారం తెరిచింది. ఇది గృహహింస ఘటన నివేదిక. తాలూకా స్థాయిలో దీన్ని రాసే రక్షణాధికారి శిశు అభివృద్ధి పథకం అధికారే (సీడీపీఓ). ఆ ఫారంలోని గడులు చూడండి. కొట్టడానికి ఒక గడి, లైంగిక హింసకు ఒకటి, తిట్లకూ అవమానాలకూ ఒకటి, డబ్బు ఇవ్వకపోవడానికీ సంపాదన లాక్కోవడానికీ ఒకటి, కట్నం వేధింపులకు ఇంకొకటి. అమ్మాయి మొదటి గడికే జవాబు ఉంటుందనుకుంది. "కూలి డబ్బులు ఎవరు తీసుకునేవాళ్లు?" అని అడిగినప్పుడు తలెత్తి చూసింది. ఇది కూడా రాస్తారా అని ఆమెకు ఆశ్చర్యం. ఇన్నాళ్లూ ఇంటి గొడవ అనుకున్నది గడి తర్వాత గడిగా కాగితం మీదికి ఎక్కుతుంటే ఆమె గొంతు మెల్లగా స్థిరపడింది. చివర ఏం కావాలో రాయాలి. కొట్టకుండా రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, బిడ్డ తన దగ్గరే ఉండాలని. అత్యవసరమైతే అవతలి వాళ్లు రాకముందే మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వేయాలనీ, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ చట్టం చెబుతోంది. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు.

రాసింది కన్నడంలో. మేడమ్ దాన్ని తెలుగులో చదివి వినిపించాకే అమ్మాయి సంతకం పెట్టింది. ఇది దయతో చేసే పని కాకూడదు. ఏ అధికారికైనా తమ బాధను రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా చెప్పుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. తెలుగు బిడ్డ తెలుగులో చెప్పిన దెబ్బ కన్నడ కాగితంలో చిన్న గొడవగా మారిపోతే కేసు అక్కడే ఓడిపోతుంది.

లాయరు ఫీజు గురించి తల్లి కొంగుముడి తడుముకుంటోంది. అక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ లాయరు ఉచితం. కోర్టు ఆవరణలో తాలూకా న్యాయసేవల కమిటీకి దరఖాస్తు పెట్టాలి. ఫోన్ అయితే 15100.

ఆడవాళ్ల చేతిలో భూమి, కూలి సంగతి చూడటానికి మధ్యాహ్నం ఇదే తాలూకాలోని తిరుమణి వైపు వెళ్దాం. రోడ్డుకు రెండు పక్కలా నల్లటి సోలార్ పలకలు కనుచూపు మేర. 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. 2018లో మొదలైన ఈ పార్కు కోసం రైతుల దగ్గర భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. కరువులో మగ్గిన ఈ నేలకు అది పెద్ద ఊరటే. ఆ డబ్బు మాత్రం పహణీలో, అంటే భూమి రికార్డులో, పేరున్న వాళ్లకే వస్తుంది. వేరుశనగ కలుపు తీసి, కాయలు కోసి బతికిన కూలి ఆడవాళ్లకు చేను పోయింది, కూలీ పోయింది.

పహణీలో ఆడపేర్లు ఎందుకు తక్కువ? తండ్రి పోయాక భూమిని వారసుల పేరిట మార్చే పౌతి ఖాతా చేయించేటప్పుడు అన్నదమ్ములు ఒక కాగితం తెస్తారు. "పసుపు కుంకుమ కింద ఇచ్చేసినాం గదా, సంతకం పెట్టమ్మా" అంటారు. పెట్టకపోతే పుట్టిల్లు దూరమవుతుందని అక్కచెల్లెళ్లు పెడతారు. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇవ్వడం ఆంధ్రలో 1985 నుంచి, కర్ణాటకలో 1994 నుంచి మొదలైంది. అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. దేశమంతటా పెళ్లయినా కాకున్నా కూతుళ్లందరికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ఆ ఏడాది నాటికి తండ్రి బతికుండాలన్న పట్టింపు కూడా లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న చెప్పింది.

భూమికీ దెబ్బలకూ సంబంధం ఉందా? కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. భూమీ ఇల్లూ రెండూ లేని ఆడవాళ్లలో 49 శాతం భర్త చేతి దెబ్బలు తిన్నారు. రెండూ ఉన్నవాళ్లలో అది 7 శాతం. తనకు పోయే చోటు ఉందని తెలిసిన ఆడదాని మీద చెయ్యెత్తడానికి మగవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

సాయంత్రం పల్లెలో స్త్రీశక్తి సంఘం ఆడవాళ్లు అంగన్‌వాడీ గదిలో కూర్చున్నారు. పొదుపు లెక్కలు అయ్యాక ఒకామె గొంతు తగ్గించి చెప్పింది. పదో తరగతి పిల్లకు సంబంధం కుదిర్చారట, పెళ్లి అవతల ఆంధ్రాలో చేస్తారట. చట్టం ఇక్కడ గట్టిగా ఉంది. కర్ణాటక సవరణ 2017లో ఆమోదం పొందాక ఈ రాష్ట్రంలో బాల్యవివాహం మొదటి నుంచే చెల్లదు. ఆంధ్రలో కేంద్ర చట్టమే ఉంది కాబట్టి పెళ్లిని రద్దు చేయమని పిల్లే కోర్టుకు పోవాలి. అందుకని మండపం మార్చితే సరిపోతుందనుకుంటారు. పెళ్లి ఆపమని మేజిస్ట్రేటు ముందే ఉత్తర్వు ఇస్తే మాత్రం, దాన్ని మీరి చేసిన పెళ్లి ఎక్కడ చేసినా చెల్లదు. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేస్తే చాలు, చేసినవాళ్ల పేరు బయటికి రాదు. టీచరు గోడ మీద సుద్దతో నాలుగు నంబర్లు రాసింది. అత్యవసరానికి 112, ఆడవాళ్ల సాయానికి 181, పిల్లలకు 1098, న్యాయసాయానికి 15100.

ఆ గదిలో కూర్చుని వింటే ఒకటి అర్థమవుతుంది. వాళ్లందరూ అడిగేది మొదట కోర్టు గురించి కాదు. "మా వాళ్లు ఇంట్లో ఉండనిస్తారా?" అనే. ఆడబిడ్డ తలదాచుకున్న చోటికి చట్టం వస్తుంది. కానీ తలదాచుకోవడానికి ముందు చోటు దొరకాలి. పుట్టింటి వాళ్లు వారం తిరక్కుండానే బస్సెక్కించి వెనక్కి పంపితే 27వ సెక్షన్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కొన్ని ఊళ్లు కలిసిన ప్రతి హోబళిలో తెలుగులో రాసిపెట్టే న్యాయసేవల వాలంటీరు ఉండాలి, తెలుగు ఫారం ఉండాలి. ఆ పని ప్రభుత్వానిది. తలుపు తీయాల్సింది తల్లిదండ్రులు, అన్నదమ్ములు. కూతురు దెబ్బలతో వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోయి చీటీ రాయించుకోండి, జరిగింది తేదీలతో సహా రాసిపెట్టుకోండి, 15100కి ఫోన్ చేయండి. తిరిగి పోవాలా వద్దా అన్నది ఆమెనే తేల్చుకోనివ్వండి. ఆమె తేల్చుకునేదాకా ఆ ఇల్లు ఆమెదే.