సంతలో ఉడికిన వేరుసెనగ

మన హైదరాబాదులోని జుమేరాత్ బజారువంటి పాతసామానుల సంతలు అమెరికా దక్షిణ రాష్ట్రాలలోనూ ఉన్నవి. విరిగిన కుర్చీలు, ఆగిపోయిన గడియారాలు, తుప్పుపట్టిన పనిముట్లు పరచిన వరుసల చివర తరచుగా ఒక గంగాళం పొయ్యిమీద కుతకుతలాడుతూ ఉంటుంది. అందులో ఉప్పునీట ఉడుకుతున్నవి, అప్పుడే పెరికిన పచ్చి వేరుసెనగకాయలు. చెనిక్కాయలు ఉడికించుకొని తినే రాయలసీమ శ్రోతలు, ఇందులో వింత ఏమున్నదని అడుగవచ్చు. వింత తిండిలో లేదు, అది అక్కడికి చేరిన త్రోవలో ఉన్నది.

వేరుసెనగ పుట్టినిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసు నావికులు దానిని ఆఫ్రికా పశ్చిమతీరానికి చేర్చినారు. నేలలో కాయ కాచే స్వదేశపు పప్పుధాన్యం ఒకటి అక్కడివారికి అంతకుముందే ఉన్నది. దానిని వారు ఉడికించి తినేవారు. అందుచేత క్రొత్త కాయ వారికి పరాయిది కాలేదు. బానిసల ఓడలతో అది ఉత్తర అమెరికాకు వచ్చినది. దక్షిణ రాష్ట్రాలలో వేరుసెనగకు ‘గూబర్’ అనే పేరు నేటికీ వినబడుతుంది. అది కాంగో ప్రాంతపు ‘న్గూబా’ అన్న మాటకు రూపాంతరం. కాయను తెచ్చి పండించినవారి పేర్లు ఏ గ్రంథమందూ లేవు. వారి మాట ఒక్కటి మిగిలినది.

దక్షిణ కెరొలీనాలోని చార్లెస్టన్ నగరపు సంతవీధులలో నల్లజాతి స్త్రీలు వేరుసెనగపప్పును చెరకుపాకంలో వేసి అచ్చులుగా చేసి అమ్మేవారు. మన పప్పుచెక్క వంటిదే. ఆ నగరంలో బానిసను కూలికి పంపదలచిన యజమాని రుసుము చెల్లించి ఒక రాగిబిళ్ళ తీసుకోవలసి ఉండేది. బిళ్ళమీద సంవత్సరం, సంఖ్య, వృత్తి ముద్రించేవారు. పండ్లమ్మేవారి బిళ్ళ వేరు. సంపాదనలో యజమాని భాగం యజమానికి చేరవలసినదే. అట్టి బిళ్ళలు నేడు వస్తుప్రదర్శనశాలలలో కనబడుతున్నవి.

1861 నుండి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధంలో తిండికి కరువైన దక్షిణసేన ఈ కాయలే తిన్నది. 1866లో దానిపై ఒక హాస్యగీతంకూడా అచ్చయినది. బానిసల తిండి ఆ విధంగా అందరి తిండి అయినది.

జార్జియాలోని ప్లెయిన్స్ అనే చిన్న ఊరిలో, ఆరేండ్లయినా నిండని రైతుబిడ్డ ఒకడు కాయలు పెరికి, కడిగి, రాత్రి ఉప్పునీట నానవేసి, తెల్లవారుజామున ఉడికించి, కాగితపుసంచులలో పోసి వీధులలో అమ్మేవాడు. సంచి అయిదు సెంట్లు. తన కాయలు కొన్నవారే మంచివారు, కొననివారు చెడ్డవారు అని ఆ వయసులో తనకు తోచేదని అతడే తరువాత వ్రాసినాడు. కూడబెట్టిన డబ్బుతో తొమ్మిదవ ఏట అయిదు బేళ్ళ ప్రత్తి కొన్నాడు. ధర పెరిగినపుడు అమ్మి అయిదు ఇండ్లు కొన్నాడు. ఆ బాలుడే 1977లో దేశాధ్యక్షుడైన జిమ్మీ కార్టర్. అతడు అమ్మినదీ వేరుసెనగే, చార్లెస్టన్ స్త్రీలు అమ్మినదీ వేరుసెనగే. ఆ స్త్రీలకు ప్రత్తి బేళ్ళు కొనే అదృష్టం ఎక్కడిది?

ఇంత ప్రసిద్ధి గల తిండి పెద్ద వ్యాపారుల చేతులలోకి పూర్తిగా పోకపోవడానికి కారణం దాని స్వభావమే. ఎండబెట్టని కాయ నాలుగు రోజులలో పాడవుతుంది. ఉడికినది ఇంకా త్వరగా పులుస్తుంది. డబ్బాలలో అమ్మేవారు లేకపోలేదు గాని, రుచి తెలిసినవారు డబ్బాను మెచ్చరు. 1994లో, న్యూయార్కులో ఉంటూ ఈ కాయలకై మొగంవాచిన చార్లెస్టన్ వాసులు లీ సోదరులు, వాటిని తపాలా ద్వారా పంపే వ్యాపారం పెట్టినారు.

2006లో దక్షిణ కెరొలీనా రాష్ట్రం ఉడికించిన వేరుసెనగను తన అధికార చిరుతిండిగా శాసనం చేసినది. సంతలో గంగాళం దగ్గర నిలిచినవారికి ఆ శాసనంతో పనిలేదు. అమ్మే మనిషి నాలుగు వేడికాయలు చేతిలో వేసి చూడమంటాడు. ఉప్పు సరిపోయినదంటే సంచి నింపుతాడు.