‘ఆదిసంభూతుడు’: నీకయ వివాదం, కుమారుని ఆధిక్యత

కొలస్సీ 1:15 క్రీస్తును ‘ఆదిసంభూతుడు’ అంటుంది. కుమారుడు సృజింపబడినవాడని బోధించిన అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అరియస్ పక్షంవారు ఈ మాటనే ఆధారం చేసుకున్నారు. క్రీ.శ. 325లో నీకయ సభ కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని ప్రకటించింది. వివాదం అంతటితో ఆగలేదు. బిషప్ అథనేసియస్ ఐదుసార్లు బహిష్కరణ పాలయ్యాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నీకయ విశ్వాసాన్ని స్థిరపరచింది.

అథనేసియస్ పట్టుదలకు మూలం రక్షణ సిద్ధాంతమే. సృష్టికి చెందినవాడు సృష్టిని దేవునితో ఏకం చేయలేడు. అట్టివానికి సంఘం చేసే ఆరాధన విగ్రహారాధనే అవుతుంది.

వాక్యసందర్భమే అర్థాన్ని తేలుస్తుంది. 16వ వచనం ప్రకారం సర్వమూ ఆయనయందు సృజింపబడింది. కీర్తన 89:27లో, యెష్షయి కడగొట్టు కుమారుడైన దావీదును దేవుడు జ్యేష్ఠునిగా చేస్తానంటాడు. కాబట్టి జ్యేష్ఠత్వమంటే ఇక్కడ పుట్టుక వరుస కాదు, ఆధిక్యత. ‘సంభూతుడు’ అనే తెలుగు మాట వినేవారికి పుట్టుకనే స్ఫురింపజేస్తుంది గనుక, బోధకుడు 15వ వచనంతో ఆగక 18వ వచనం వరకు చదివి వివరించాలి.